వేళకు వచ్చే చిన్న సంతోషాలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ మధ్య కాలంలో మీకు ఊరటనో ఉత్సాహాన్నో ఇచ్చిన చిన్న సంగతి ఏదైనా ఉంటే, దాని విషయంలో మనసులో మెదిలే సందేహంతో సహా రాసి పంపమని కిందటి సంచికలో కోరాం. గుడి నుంచి సినిమా హాలు దాకా, దర్గా చెరువు నుంచి చదరంగం బల్ల దాకా రకరకాల ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు మాత్రం వెల్లడించడం లేదు.

ప్రశ్న: ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి మా వీధి చివర రామాలయానికి వెళ్లి రోజుకొక తిరుప్పావై పాశురం వింటాను. అర్చకులు అర్థం చెబుతారు, చివర దొన్నెలో వేడి పొంగలి పెడతారు. ఇంటికి తిరిగి వచ్చేసరికి మనసు తేటపడుతుంది. నాకు తమిళం రాదు, భక్తి కూడా అంతంత మాత్రమే. ఒక పక్క ప్రపంచం యుద్ధాలతో అట్టుడికిపోతుంటే పొంగలి తిని సంతోషించడం పలాయనం కాదా అని నా చిన్ననాటి స్నేహితుడు నిలదీస్తున్నాడు. ఇది నిజంగా పలాయనమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ స్నేహితుడి ప్రశ్నకు జవాబు మీరు వింటున్న ఆ ముప్ఫై పాశురాల్లోనే ఉంది. ఆయనకు ఒకసారి రెండో పాశురం అర్థం చెప్పి చూడండి. వ్రతం పట్టిన పిల్లలు అందులో తమ నియమాలు చెప్పుకుంటారు. నెయ్యి తినం, పాలు తాగం, కంటికి కాటుక పెట్టుకోం, తలలో పూలు ముడుచుకోం, చేయకూడని పనులు చేయం, ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పం, అడిగినవారికి చేతనైనంత పెడతాం అంటారు. లోకాన్ని మరచిపోదామనుకునేవారు నెయ్యి మానేయడంతో మొదలుపెట్టరు, దానధర్మాన్ని నియమంగా పెట్టుకోరు.

ఇక ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా, అంటే వరసగా పది రోజులు, ఈ తమిళ పాటలు కట్టిన ఆండాళ్ చేసే పని ఇంకా నిద్రపోతున్న స్నేహితురాళ్ల గుమ్మాల ముందు నిలబడి ఒక్కొక్కరినే లేపడం. పక్షులు కూశాయి, తూర్పు తెల్లబడింది, పెరుగు చిలికే చప్పుడులో గొల్ల స్త్రీల మెడలోని నగల గలగల కలిసి వినిపిస్తోంది, ఇంకా లేవవేమని అడుగుతుంది. ఒక పిల్లనైతే, కుంభకర్ణుడు నీ చేతిలో ఓడిపోయి తన నిద్రంతా నీకు ధారపోసి వెళ్లాడా అని ఎద్దేవా చేస్తుంది. ఇంత పరాచికం ఉన్న చోట భక్తి అంతంత మాత్రమే ఉన్నా కూర్చోవచ్చు, మొహమాటపడకండి. ఆమె ఒక్కతే వెళ్లి దేవుణ్ణి చూసి రావచ్చు కదా, ఈ లేపడమంతా దేనికి? నలుగురూ కలిసి వెళ్లకపోతే ఆ వ్రతానికి నిండుదనం రాదు. అందుకని పాటలో మూడోవంతు ఈ మేలుకొలుపులకే పోయింది.

రెండో రోజున మానేసిన నెయ్యి ఇరవై ఏడో పాశురంలో తిరిగి వస్తుంది. ఎంత వస్తుందంటే, పాలతో వండిన అన్నం కనిపించకుండా పైన నెయ్యి పోస్తే అది మోచేతి మీదుగా కారిపోతుంది. గాజులు, దండకడియాలు, చెవి కమ్మలు, కాలి అందెలు అన్నీ పెట్టుకుంటాం, కొత్త బట్టలు కట్టుకుంటాం, అందరం ఒకచోట కూర్చుని చల్లబడతాం అని ఆ పిల్లలు అంటారు. ధనుర్మాసం ఇరవై ఏడో రోజైన కూడారై నాడు గుడిలో చేసే తియ్యని ప్రసాదం వెనుక ఉన్నది ఈ పాశురమే. మీరు తినే పొంగలి కూడా అందులో భాగమే, దానికి సిగ్గుపడవలసిన పని లేదు.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతాను. ఒక సంతోషానికి తనదైన వేళ ఉండి, ఇక్కడితో సరి అన్న హద్దు ఉండి, అనుభవించేటప్పుడు పక్కన మరో మనిషి ఉంటే అది మనిషిని నిలబెడుతుంది. మీ ధనుర్మాసానికి ఈ మూడూ ఉన్నాయి. డిసెంబరు నడిమిలో మొదలై భోగినాటికి ముగుస్తుంది, పూటకు ఒక్క పాశురమే, చుట్టూ వీధివాళ్లు. తిరుమలలో సైతం ఆ నెల రోజులూ సుప్రభాతం తన స్థానాన్ని తిరుప్పావైకి వదిలిపెట్టి, నెల తిరగగానే మళ్లీ వచ్చేస్తుంది. ఏడాది పొడుగునా ఇదే పాడితే మీరు ఏ ఫిబ్రవరిలోనో దుప్పటి ముసుగు తన్ని పడుకునేవారని నా అనుమానం. తమిళం రాదని చింతించకండి, శ్రీవిల్లిపుత్తూరు పిల్ల ఆండాళ్ కథను ఆముక్తమాల్యదగా తెలుగులో రాసిపెట్టినవాడు కృష్ణదేవరాయలు. మీ స్నేహితుడికి రేపు ఒక దొన్నె పొంగలి తీసుకువెళ్లండి. యుద్ధాల మీద వాదన ఆ తర్వాత కూడా చేసుకోవచ్చు, కడుపు నిండినవాడితో వాదించడం తేలిక.

ప్రశ్న: రోజంతా కంప్యూటరు ముందు పని చేసి రాత్రి పడుకునేముందు ఫోనులో రీల్స్ చూస్తాను. బాగా నవ్వుకుంటాను. కానీ గంట గడిచాక ఒక్కటీ గుర్తుండదు, పైగా ఏదో వెలితిగా ఉంటుంది. ఇవీ చిన్న సంతోషాలే కదా, మరి ఎందుకు అంటిపెట్టుకుని ఉండవు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: పై జవాబులో చెప్పిన వేళ, హద్దు, తోడు అనే మూడింటిలో మీ రీల్స్‌కు ఒక్కటీ లేదు. ఒకటి పూర్తి కాకముందే రెండోది వచ్చి పడుతుంది కనుక నవ్విన నవ్వు కుదురుకోవడానికి వ్యవధి దొరకదు. వాటిని తయారు చేసేవారిలో గొప్ప ప్రతిభావంతులు ఉన్నారు, వారి మీద నాకు ఫిర్యాదు లేదు. తెర కింద ముగింపు లేకపోవడమే చిక్కు. మానేయమని నేను చెబితే మీరు మానరు, నాకు తెలుసు. బాగా నవ్వించినది ఒక్కటి ఎంచి, పంపడం కాకుండా, మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరికైనా నోటితో చెప్పి నవ్వించడానికి ప్రయత్నించండి. చెప్పగలిగితే అది మీకు మిగులుతుంది. చెప్పడానికి వీలుకానంత పలచటిదైతే అది పోయినా నష్టం లేదు.

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగం రావడం లేదని దిగులుపడుతుంటే మా నానమ్మ నన్ను రొట్టెల పండుగకు తీసుకువెళ్లి చెరువులో నిలబెట్టి ఉద్యోగ రొట్టె ఇప్పించింది. ఆ తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. నేను చదివిన చదువు, చేసుకున్న దరఖాస్తులు కారణమని నాకు తెలుసు. ఇప్పుడు సెలవు పెట్టుకుని వచ్చి రొట్టె తిరిగి ఇవ్వాలని నానమ్మ పట్టుబడుతోంది. నమ్మకం లేకుండా వెళ్లడం మోసం కాదా?
– ఒక యువతి, బెంగళూరు

జవాబు: అమ్మాయీ, సంగతి తెలియని పాఠకుల కోసం ముందు రెండు మాటలు చెప్పనివ్వండి. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా ఉంది. పన్నెండు మంది అమరవీరుల సమాధులు ఉన్న చోటు కనుక ఆ పేరు వచ్చింది. మొహర్రం నెలలో అక్కడ జరిగే పండుగకు ముస్లిములూ హిందువులూ తేడా లేకుండా వస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో దానిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. కోరిక తీరినవారు రొట్టె పట్టుకుని నీళ్లలో నిలబడతారు, అదే కోరిక ఉన్నవారు వచ్చి ఆ రొట్టె తీసుకుని తింటారు. తీరాక వారు మరో ఏడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంత ఇంటి రొట్టె అని ఎవరి రొట్టె పేరు వారు గట్టిగా పిలిచి చెబుతుంటారు. కాలం మారేకొద్దీ వీసా రొట్టె కూడా వచ్చి చేరింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. రొట్టె తీసుకున్ననాడు మీకు రొట్టె ఇచ్చినవారి ముఖం గుర్తు తెచ్చుకోండి. వారికి అప్పటికే ఉద్యోగం వచ్చేసింది, ఆ నీళ్లలోకి దిగి మీ నుంచి పొందవలసినది ఏమీ లేదు. అయినా వచ్చి, మోకాళ్ల లోతు నీళ్లలో, కొంగు తడుపుకుని, ముక్కూ మొహం తెలియని మీ కోసం నిలబడ్డారు. ఉద్యోగం రాదేమోనని దిగులుపడుతున్నవారికి అది వచ్చినవారు ఒకరు ఎదురుగా నిలబడి చేతిలో రొట్టె పెట్టడం ఎంత ధైర్యమో, ఆ రోజు మీరు అనుభవించారు. మీ చదువు, మీ దరఖాస్తులు ఉద్యోగం తెచ్చిపెట్టాయన్నది నిజమే, ఆ దరఖాస్తులు విసుగు లేకుండా పెడుతూ ఉండటానికి ఆ ధైర్యం కొంత పనికి వచ్చి ఉండవచ్చు. ఈసారి ఆ నీళ్లలో మీలాంటి అమ్మాయి మరొకరు ఎదురుచూస్తూ ఉంటారు. ఆమె మీ నమ్మకం ఎంత అని అడగదు, ఉద్యోగం వచ్చిందా అని అడుగుతుంది. వచ్చిందని మీరు చెబితే అందులో అబద్ధం ఏముంది?

ఒక చిన్న జాగ్రత్త చెబుతాను. హిజ్రీ సంవత్సరం మన ఇంగ్లీషు క్యాలెండరు కన్నా పది పదకొండు రోజులు చిన్నది కనుక పండుగ ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది. పోయిన ఏడాది తేదీ చూసుకుని టికెట్టు కొనేయకండి. రొట్టెలు నానమ్మతో కలిసి మీరే చేయండి, ఆమె ఆనందంలో సగం అక్కడే తీరిపోతుంది.

ప్రశ్న: బలగం సినిమాను మా ఊర్లో పంచాయతీ ముందు తెర కట్టి చూపించారు. భూమి తగాదాతో ఏండ్లుగా మాటల్లేని మా బాపు, మా పెద్దబాపు ఒకే చాప మీద కూర్చుని ఏడ్చారు. మర్నాటి నుంచి మళ్లీ ఎవరి దారి వారిదే. సినిమా చూసి ఏడవడం ఒక ఊరటేనా? అలాంటిదానికి విలువ ఉంటుందా?
– రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమా, పెద్ద తారలు లేకుండా, ఒక ముసలాయన చావు చుట్టూ తిరిగే కథతో అంత ఆదరణ పొందుతుందని ఎవరూ అనుకోలేదు. దినవారాల్లో పెట్టిన కూడును పిట్ట ముట్టడం లేదు, ఇంటివాళ్ల మధ్య పగ ఉంటే పిట్ట ఎట్లా ముడుతుందన్నదే అందులోని కథ. దర్శకుడు వేణు యెల్దండి స్వయంగా సిరిసిల్ల మనిషి కనుక ఇంటి వాకిలి, కల్లు ముంత, అలిగిన అల్లుడు అన్నీ చూసినట్లే ఉన్నాయి.

హాలులో చూడటానికీ, ఊరి నడుమ చూడటానికీ చాలా తేడా ఉంది. హాలులో చీకటి మన కన్నీళ్లను దాచిపెడుతుంది, పక్కన కూర్చున్నవారికి మన కథ తెలియదు. పంచాయతీ ముందు వేసిన తెర దగ్గర, మీ బాపు, పెద్దబాపు ఎందుకు మాట్లాడుకోరో ఊరందరికీ తెలుసు. అలాంటి చోట ఇద్దరూ లేచి వెళ్లిపోకుండా ఒకే చాప మీద కడదాకా కూర్చున్నారంటే, అది చిన్న సంగతి అని నేను అనుకోను. సినిమా చివర పాడినవారు మొగిలయ్య, కొమురమ్మ అనే బుడగజంగాల కళాకారుల దంపతులు. చావు జరిగిన ఇంటికి వచ్చి పోయినవారి మంచిని పాటగా చెప్పి, ఉన్నవారి మనసు కరిగించడం వారి కులవృత్తి. సినిమా దానిని అరువు తెచ్చుకుంది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ పాట పుట్టిందే ఏడిపించడం కోసం, ఏడ్చినందుకు మీవారిని తక్కువ చేయకండి.

అయితే సినిమా పని అంతవరకే. ఏండ్ల భూమి తగాదాను రెండుంబావు గంటల బొమ్మ తీర్చాలని కోరడం న్యాయం కాదు. దానికి వేరే వేళ ఉంది, మీ ప్రాంతంలో పెద్దలు ఎప్పుడో ఏర్పాటు చేసి పెట్టారు. దసరానాటి సాయంత్రం జమ్మి దగ్గరికి వెళ్లి వచ్చాక, చిన్నవారు పెద్దవారి ఇంటికి పోయి బంగారమని పిలిచే జమ్మి ఆకులు చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, పెద్దవారు అలాయ్ బలాయ్ అంటూ గుండెకు హత్తుకుంటారు. ఆ ఒక్క సాయంత్రం ఎవరు ఎవరి గడప తొక్కినా ఎందుకు వచ్చావని అడిగేవారు ఉండరు, మొదట ఎవరు తగ్గారన్న లెక్క రాదు. ఈ దసరాకు నాలుగు జమ్మి ఆకులు మీరే తెచ్చి మీ బాపు చేతిలో పెట్టి, వెంట నడవండి. ఆయన రానంటే మీరు ఒక్కరే పోయి పెద్దబాపుకు ఇచ్చి రండి. భూమి సంగతి ఆ రోజు ఎత్తకండి, దానికి సర్వేయరు ఉన్నాడు.

ప్రశ్న: మెదక్ చర్చికి సాయంత్రం పూట చుట్టాలను తీసుకువెళ్లాను. అద్దాల మీది బొమ్మల గురించి గొప్పగా చెప్పాను కానీ తీరా చూస్తే ఏమీ కనిపించలేదు. చాలా చిన్నబోయాను. అంత ప్రసిద్ధి ఎందుకు వచ్చింది?
– గృహిణి, సంగారెడ్డి

జవాబు: మీరు వెళ్లిన వేళ తప్పు. ఆ రంగుటద్దాల మీద క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చిత్రించి ఉన్నాయి. బయటి నుంచి ఎండ పడినప్పుడు మాత్రమే లోపల ఉన్నవారికి రంగులు వెలుగుతాయి, పొద్దు వాలితే నల్లటి అద్దాలే మిగులుతాయి. అది లోపం కాదు, కట్టినప్పటి ఉద్దేశమే అది. కరవు కాలంలో ఊరివారికి పని, తిండి దొరకాలని క్రైస్తవ మిషనరీ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించిన కట్టడం 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. ఈ మధ్యనే నూరేళ్లు నిండాయి. చుట్టాలను మళ్లీ ఉదయం పూట తీసుకువెళ్లండి. ఎండ కాసే రోజు చూసుకోండి.

ప్రశ్న: పెళ్లికి ముందు వీణ నేర్చుకున్నాను. పిల్లలు, ఉద్యోగం వల్ల చాలా కాలం ముట్టుకోలేదు. కోనేరు హంపి ముప్ఫై ఏడేళ్ల వయసులో చదరంగంలో మళ్లీ ప్రపంచ విజేత అయినప్పుడు నాలో ఏదో కదిలి, వీణ దుమ్ము దులిపాను. ఆమెకూ నీకూ పోలికేమిటని మావారు నవ్వుతున్నారు. తప్పుగా అనుకున్నానా?
– కళాశాల అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: మీవారి నవ్వును పక్కన పెట్టండి, ఆ గెలుపు వివరాలు చూద్దాం. 2024 డిసెంబరు చివర న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (వేగంగా ఆడే) చదరంగం పోటీలో హంపి మొదటి ఆటే ఓడిపోయారు. పదకొండు ఆటల పోటీలో మొదటిదే చేజారితే చాలామందికి మిగిలిన పది ఆడే ఉత్సాహం చచ్చిపోతుంది. ఆమె ఒక్కొక్కటీ కూడబెట్టుకుంటూ వచ్చి, చివరి ఆటలో నల్లపావులతో ఇండోనేసియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించి, మొత్తం ఎనిమిదిన్నర పాయింట్లతో గెలిచారు. అంతకుముందు 2019లో మాస్కోలో ఇదే పోటీ గెలిచారు. 2024లో తన ఆట నడిచిన తీరుకు విరమించుకుందామా అని కూడా ఆలోచించినట్లు ఆమే చెప్పారు. పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన మనిషికి కూడా అలాంటి ఏడాది ఒకటి వచ్చిందన్నది మీకు పనికివచ్చే సంగతి. పాప పుట్టినప్పుడు ఆమె కూడా ఆటకు కొంతకాలం దూరంగా ఉన్నారు.

పోలిక విజేతతో కాదు, మొదటి ఆట ఓడాక కూడా మళ్లీ బల్ల ముందుకు వచ్చి కూర్చున్న మనిషితో పెట్టుకోండి, అప్పుడు మీవారికి నవ్వడానికి చోటు ఉండదు. ఇంకో మాట, ర్యాపిడ్ ఆటలో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల చొప్పున అదనం మాత్రమే ఇస్తారు. మీరు కూడా సాధనకు అంతే కాలం పెట్టుకోండి. వేళ్ల చివర కాయలు లేవు కనుక మొదట్లో తీగ కోస్తుంది, గంటల తరబడి కూర్చుంటే వారానికే మానేస్తారు. మేళం సడలి ఉంటుంది, మైనం కరిగించి మెట్లు తిరిగి బిగించేవారి చేత ముందు బాగు చేయించండి. బేసూరు వీణ మీద సాధన చేసి మీకు చేతకావడం లేదనుకోవద్దు. సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టడానికి నామోషీ పడకండి.

ప్రశ్న: క్రికెట్ అంటే గిట్టని మా అత్తగారు మహిళల ప్రపంచకప్ ఫైనల్ కడదాకా కూర్చుని చూశారు. ఇప్పుడు మా పాపను మైదానానికి తీసుకువెళ్లమని నన్ను తొందరపెడుతున్నారు. ఈ సరదా నిలుస్తుందా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాపై గెలిచి మన అమ్మాయిలు తొలిసారి ప్రపంచకప్ అందుకున్నారు. ఆ జట్టులో ఎడమచేతి స్పిన్ వేసిన శ్రీచరణి మీ కడప జిల్లా అమ్మాయే, మీ అత్తగారికి ఆట గిట్టింది అక్కడేనని నా ఊహ. మనకు తెలిసిన యాసలో మాట్లాడే పిల్ల టీవీలో కనబడితే ఆట నియమాలు వాటంతట అవే అర్థమవుతాయి. నిలుస్తుందో లేదో పాపను అడగండి, ఆమెను మైదానానికి తీసుకువెళ్లే పని మాత్రం అత్తగారికే అప్పగించండి.

ప్రశ్న: పాత సినిమాలు మళ్లీ విడుదల చేస్తే స్నేహితులందరం కలిసి వెళ్లి, డైలాగులు ముందే చెబుతూ, పాటలకు లేచి ఆడుతూ చూస్తాం. ఫోనులో ఉచితంగా దొరికేదానికి డబ్బు తగలేస్తారా అని ఇంట్లో తిడుతున్నారు.
– డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఇంట్లోవారికి వారి కాలం గుర్తు చేయండి. 1957 నాటి మాయాబజార్‌కు రంగులద్ది 2010లో మళ్లీ వేసినప్పుడు, ప్రతి మాటా కంఠతా వచ్చినవారే హాళ్లు నింపారు. తెలిసిన కథను నలుగురితో కలిసి చూడటం వీధి నాటకాల నాటి నుంచి మన అలవాటు, పద్యం ముందే తెలిసినవారే వన్స్ మోర్ కొట్టారు. మీరు ఖర్చు పెడుతున్నది సినిమాకు కాదు, స్నేహితులతో గడిపే మూడు గంటలకు. ఆడండి, పాడండి. హాలులో టపాసులు కాల్చడం, కుర్చీలు చింపడం మాత్రం సంతోషం కిందికి రాదు. ఇంటర్వెల్లులో మీరు చల్లిన కాగితం ముక్కలు ఊడ్చేవారి ముఖం ఒకసారి చూడండి.

ప్రశ్న: అమ్మ పక్షవాతంతో చాలా కాలంగా మంచంలో ఉంది. అన్నీ నేనే చూసుకుంటున్నాను. చిన్న చిన్న వాటిలో ఆనందం వెతుక్కోమని అందరూ చెబుతారు. నాకు పాట వినబుద్ధి కాదు, గుడికి వెళ్లబుద్ధి కాదు, నిద్ర పట్టదు. నాలోనే ఏదో లోపం ఉందనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, లోపం మీలో లేదు. నిద్ర లేని మనిషికి పాట రుచించదు, అది శరీర ధర్మం. ఆనందం వెతుక్కోమని సలహా ఇచ్చేవారు మీ చేతిలో మరో పని పెడుతున్నారే తప్ప ఉన్న పనిలో ఒక్కటీ తగ్గించడం లేదు. ఈ శీర్షికలో మిగిలిన జవాబులు మీకోసం కావు, వాటిని పక్కన పెట్టేయండి.

ముందుగా చేయవలసినది ఒక ఫోను. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టడం లేదు, దేనిమీదా మనసు పోవడం లేదు అన్న ఈ రెండు మాటలే వారికి చెప్పండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు, మందు వాడమంటే వాడండి, బీపీకి వాడినట్లే.

రెండోది, తోబుట్టువులో దగ్గరి బంధువులో ఉంటే, సాయం చేయండని పొడిగా అడగకండి. ఫలానా వారం, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అమ్మ దగ్గర కూర్చోవాలి, మందు ఇది, పక్క మార్చడం ఇలా అని కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. ఎప్పుడైనా పిలువు వస్తాను అన్నవారు ఎప్పుడూ రారు, గడియారం చెబితే కొందరైనా వస్తారు. ఆ గంటలో మీరు ఉల్లాసంగా గడపనక్కరలేదు. పక్క గదిలో తలుపు వేసుకుని పడుకోండి. ఒకటి రెండు నెలల తర్వాత ఎలా ఉన్నారో మాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: మా నాన్నగారు ఇక్కడ మా దగ్గరికి వచ్చి ఉంటున్నారు. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వినకపోతే ఆయనకు రోజు మొదలైనట్లు ఉండదట. యూట్యూబులో అవే పాటలు పెట్టినా ఇది కాదంటున్నారు. మొండితనం అనుకోవాలా?
– డాలస్, అమెరికా

జవాబు: మొండితనం కొంత ఉండవచ్చు, నాన్నలన్నాక ఉంటుంది. అయినా ఆయన మాటలో న్యాయం ఉంది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటివారు తీర్చిదిద్దిన కార్యక్రమం అది. ఏ పాట వస్తుందో ముందు తెలియదు, నచ్చనిదాన్ని దాటవేయడానికి వీలుండదు, అదే పాటను అదే నిమిషంలో ఊళ్లో తన ఈడువారు కూడా వింటున్నారన్న ఎరుక ఒకటి ఉంటుంది. మీరు పెట్టిన జాబితాలో పాటలు ఉన్నాయి, ఆ తోడు లేదు.

ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఫోనులో పెట్టి, తెలుగు కేంద్రాల్లో విజయవాడను ఎంచండి, ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. ఒక్క చిక్కు ఉంది. విజయవాడలో ఉదయం ఆరు గంటలైనప్పుడు డాలస్‌లో చలికాలమైతే క్రితం రోజు సాయంత్రం ఆరున్నర, వేసవిలోనైతే ఏడున్నర. అంటే ఆయన మేలుకొలుపు మీ ఇంట్లో దీపాలు పెట్టే వేళకు వస్తుంది. ముందు రెండు రోజులు గొణుగుతారు. ఆ వేళకు టీవీ కట్టేసి, కాఫీ ఒక గ్లాసు చేతికి ఇచ్చి, అక్కడ తెల్లవారింది నాన్నా అని చెప్పి చూడండి. మార్చి, నవంబరు నెలల్లో మీ గడియారాలు మార్చినప్పుడు వేళ సవరించడం మరచిపోకండి, ఆ రోజు పాట తప్పిపోతే ఆయన మిమ్మల్ని క్షమించరు.